‘లా’ వచ్చిన చోటల్లా ‘లైక్’ పెట్టకండి

విశాఖపట్నం మద్దిలపాలెంలో మా ఇంటి మేడ మీద గదిలో రోజూ సాయంత్రం ఆరున్నరకి స్పోకెన్ ఇంగ్లీషు చెబుతాను. అంతకుముందు 14 ఏళ్ళు బీచ్ రోడ్డులో ఒక హోటల్ ఫ్రంట్ ఆఫీసులో పనిచేశాను. కిందటి వేసవిలో మహారాణిపేటలో ఒక స్కానింగ్ సెంటర్ రిసెప్షన్లో కూర్చునే అమ్మాయి బ్యాచ్‌లో చేరింది. రెండో రోజే ముఖం చిన్నబుచ్చుకుని వచ్చింది. ఒడిశా నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన చాలాసేపు నిలబడి ఉంటే, “సర్, యూ ఆర్ లుకింగ్ లైక్ టైర్డ్, ప్లీజ్ సిట్” అందట. ఆయన దండం పెట్టి కూర్చున్నాడు. పక్కనున్న స్టాఫ్ మాత్రం ఆ మాట పట్టుకుని రోజంతా ఏడిపించారు. “తప్పేటి మేడమ్ అందులో? అలసిపోయినట్టున్నారు అనే కదా అన్నాను” అంది.

తెలుగులో చెప్పినప్పుడు ఆ అమ్మాయి చెవి సరిగ్గానే పనిచేసింది. ‘అలసిపోయినట్టున్నారు’ అంది గానీ ‘అలసటలా ఉన్నారు’ అనలేదు. ఇంగ్లీషులోకి దిగేసరికి ఆ ‘ట్టు’ ఎక్కడో జారిపోయి ‘లా’ వచ్చి కూర్చుంది, ‘లా’ కాస్తా ‘లైక్’ అయింది. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. పోలిక అనగానే ‘లైక్’ అని బుర్రలో స్థిరపడిపోయింది.

నిజానికి మన తెలుగే పోలికల్ని చాలా జాగ్రత్తగా విడదీస్తుంది. ‘అమ్మలా’, ‘టీచర్‌గా’, ‘చెప్పినట్టు’, ‘నా అంత’, ‘నాకంటే’. ఐదు ముక్కలు, ఐదు పనులు. ఒకదాని బదులు ఇంకోటి వాడితే చిన్న పిల్లాడు కూడా పట్టేస్తాడు. ఆ చెవిని ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు మూసేయకుండా ఉంటే సగం తప్పులు వాటంతటవే పోతాయి. అందుకే నేను మొదట తెలుగు వాక్యం పైకి చెప్పమంటాను. మాట చివర ఏ ముక్క పడిందో విన్నాకే ఇంగ్లీషు.

మనిషి పేరో వస్తువు పేరో చెప్పి ‘లా’ అన్నామంటే అక్కడ ‘లైక్’ పెట్టొచ్చు, భయం లేదు. మన కళ్ళ ముందే ఉంది ఉదాహరణ. ఆర్కే బీచ్‌లో నిలబడి కుడివైపు చూస్తే సముద్రంలోకి పొడుచుకొచ్చిన యారాడ కొండ కనిపిస్తుంది. దాన్ని డాల్ఫిన్స్ నోస్ అంటున్నాం, ఎందుకు? “ద హిల్ లుక్స్ లైక్ ఎ డాల్ఫిన్స్ నోస్.” కొండ డాల్ఫిన్ ముక్కులా ఉంది. అంతే. “షి లుక్స్ లైక్ హర్ మదర్”, వాళ్ళమ్మలా ఉంటుంది.

ఇక్కడ మనవాళ్ళు తడబడేది ‘లైక్’ దగ్గర కాదు, దాని ముందుండే క్రియ దగ్గర. తెలుగులో అన్నిటికీ ‘ఉంది’ సరిపోతుంది. ముఖం అమ్మలా ఉంది, గొంతు అమ్మలా ఉంది, పులుసు అమ్మ చేసినట్టే ఉంది. ఇంగ్లీషు అలా ఊరుకోదు. కంటితో తెలిసిందా, చెవితోనా, ముక్కుతోనా, నాలుకతోనా, చేత్తో తాకితేనా అని అడుగుతుంది. కన్నయితే ‘లుక్’, చెవయితే ‘సౌండ్’, ముక్కయితే ‘స్మెల్’, నాలుకయితే ‘టేస్ట్’, తాకితే ‘ఫీల్’. నా స్టూడెంట్ ఒకబ్బాయి కస్టమర్ కేర్‌లో చేస్తాడు. ఫోన్లో అవతలి మనిషితో “సర్, యూ లుక్ యాంగ్రీ” అన్నాడు. ఫోన్లో ముఖం ఎక్కడ కనిపిస్తుంది బాబూ? “యూ సౌండ్ అప్‌సెట్, సర్” అనాలి. ‘కోపంగా ఉన్నారు’ అన్న తెలుగు వాక్యంలో కన్నూ చెవీ తేడా లేదు కాబట్టి ఆ పొరపాటు సహజమే. అందుకే వాక్యం మొదలుపెట్టే ముందు, ఇది నాకెలా తెలిసింది అని ఒక్క క్షణం ఆలోచించుకోండి.

హోటల్లో ఉన్నప్పుడు ఉత్తరాది అతిథులకు మాడుగుల హల్వా గురించి చెప్పాల్సి వచ్చేది. పేరు వినగానే క్యారెట్ హల్వా అనుకునేవాళ్ళు. “ఇట్ లుక్స్ లైక్ జెల్లీ, ఇట్ స్మెల్స్ ఆఫ్ ఘీ, బట్ ఇట్ డజంట్ టేస్ట్ లైక్ క్యారెట్ హల్వా ఎట్ ఆల్. ఇట్స్ మేడ్ విత్ వీట్ మిల్క్” అనేదాన్ని. ఒక్క తీపి గురించి మూడు ఇంద్రియాలు, మూడు క్రియలు. మధ్యలో ‘స్మెల్స్ ఆఫ్ ఘీ’ అన్నాను, గమనించారా? నెయ్యి నిజంగానే అందులో ఉంది కాబట్టి ‘ఆఫ్’. నెయ్యి లేకపోయినా నేతి వాసన వస్తే అప్పుడు ‘స్మెల్స్ లైక్ ఘీ’. కొందరు మాటల్లో ఈ తేడా పాటించకపోవచ్చు, కానీ నాకు ఇది ఇష్టం. వంట గురించి మాట్లాడేటప్పుడు బాగా పనికొస్తుంది.

ఇప్పుడు మన స్కానింగ్ సెంటర్ అమ్మాయి వాక్యానికి వద్దాం. ‘టైర్డ్’ అనేది మనిషి పేరూ కాదు, వస్తువు పేరూ కాదు. ఎలా ఉన్నారో చెప్పే మాట. అలాంటి మాట ముందు ‘లైక్’ రాదు. “యూ లుక్ టైర్డ్.” మధ్యలో ఏమీ అక్కర్లేదు. తెలుగులో ‘గా ఉంది’ అన్నామంటే చాలావరకు ఇదే కేసు. కోపంగా ఉన్నాడు, “హి లుక్స్ యాంగ్రీ.” రుచిగా ఉంది, “ఇట్ టేస్ట్స్ గుడ్.” మెత్తగా ఉంది, “ఇట్ ఫీల్స్ సాఫ్ట్.”

ఇక్కడే ఇంకో గొయ్యి ఉంది. స్కూల్లో ‘గా’ అంటే ‘లీ’ అని నేర్పేస్తారు. నెమ్మదిగా అంటే స్లోలీ, అందంగా అంటే బ్యూటిఫుల్లీ. దాంతో ‘అందంగా ఉంది’ అన్నదాన్ని “షి లుక్స్ బ్యూటిఫుల్లీ” అనేస్తారు. అందంగా పాడింది అంటే “షి శాంగ్ బ్యూటిఫుల్లీ”, అక్కడ పాడటం ఎలా జరిగిందో చెబుతున్నాం. అందంగా ఉంది అంటే మనిషి గురించి చెబుతున్నాం, అక్కడ “షి లుక్స్ బ్యూటిఫుల్”. గా తర్వాత ‘ఉంది’ వస్తే లీ వద్దు, ఇంకేదైనా పని వస్తే లీ పెట్టండి. ఈ ‘లీ’, ఆ ‘లైక్’ రెండూ పాత ఇంగ్లీషులో ఒకే మాటలోంచి పుట్టాయి. శరీరం, ఆకారం అని దాని అర్థం. అక్కచెల్లెళ్ళు కాబట్టేనేమో, పిలవని చోటికి రెండూ దూరిపోతుంటాయి.

‘గా’కి ఇంకో పని కూడా ఉంది, అది ఉద్యోగాల్ని తారుమారు చేసేంత పెద్దది. ‘టీచర్‌గా మాట్లాడాడు’, ‘టీచర్‌లా మాట్లాడాడు’ అని ఒకసారి పైకి చెప్పి చూడండి. మొదటివాడు నిజంగా టీచరు. రెండోవాడు కాదు, ఊరికే ఆ ధోరణిలో మాట్లాడాడు. ఇంగ్లీషులో మొదటిది ‘యాజ్ ఎ టీచర్’, రెండోది ‘లైక్ ఎ టీచర్’. అచ్చుగుద్దినట్టు ఒకటే తేడా. గాజువాక నుంచి వచ్చే ఒకబ్బాయి పరవాడలో ఒక కంపెనీలో మూడేళ్ళు షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా చేశాడు. వేరే చోట ఇంటర్వ్యూకి వెళ్ళి, “ఐ వర్క్‌డ్ లైక్ ఎ షిఫ్ట్ సూపర్‌వైజర్ ఫర్ త్రీ ఇయర్స్” అన్నాడు. అవతల కూర్చున్నాయన, “సో వాట్ వాజ్ యువర్ యాక్చువల్ పోస్ట్?” అని అడిగాడు. నా మాట నమ్మట్లేదని వీడికి టెన్షన్ వచ్చేసి, ఆ తర్వాత ఒక్క జవాబూ సరిగ్గా చెప్పలేకపోయాడు. ఆయన తప్పేం లేదు. సూపర్‌వైజర్‌లా పనిచేశానని చెబితే, మరి అసలు పోస్టు ఏమిటని ఎవరైనా అడుగుతారు. ఆ ఒక్క మాటతో మూడేళ్ళ అనుభవాన్ని వాడే తుడిచేసుకున్నాడు. మీ రెజ్యూమె ఇప్పుడే తీసి చూడండి. హోదా ముందు ఎక్కడైనా ‘లైక్’ ఉంటే తీసేసి ‘యాజ్’ పెట్టండి.

ఈ తేడా పిల్లలకి బీచ్‌లోనే చూపిస్తాను. కురుసుర సబ్‌మెరీన్ 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో పని నుంచి తప్పుకుంది, 2002 నుంచి ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉంది. దాని ముందు నిలబెట్టి రెండు వాక్యాలు చెప్పమంటాను. “ఇట్ లుక్స్ లైక్ ఎ బిగ్ బ్లాక్ వేల్.” తిమింగలంలా ఉంది, కానీ తిమింగలం కాదు. “ఇట్ నౌ సర్వ్స్ యాజ్ ఎ మ్యూజియమ్.” మ్యూజియంగా ఉంది, నిజంగానే మ్యూజియం. ఒక్క వస్తువు మీద రెండూ చెప్పినవాళ్ళు మళ్ళీ తికమక పడటం నేను చూడలేదు.

‘ట్టు’ దగ్గర కొంచెం నిదానించాలి, ఎందుకంటే ఇక్కడ ఇంగ్లీషు మనకంటే ఒక మెట్టు ఎక్కువ విడదీస్తుంది. ‘నేను చెప్పినట్టు చెయ్యి’, ‘దెయ్యాన్ని చూసినట్టు పరిగెత్తాడు’. రెండిటిలోనూ ‘ట్టు’ ఉంది. కానీ నేను చెప్పడం నిజంగా జరిగింది, వాడు దెయ్యాన్ని చూడటం జరగలేదు. జరిగినదానికి ‘యాజ్’, జరగనిదానికి ‘యాజ్ ఇఫ్’. “డూ యాజ్ ఐ సెడ్.” “హి ర్యాన్ యాజ్ ఇఫ్ హి హ్యాడ్ సీన్ ఎ గోస్ట్.” ఆ ‘హ్యాడ్’ని గట్టిగా పట్టుకోండి. జరగని సంగతిని అప్పటికే జరిగిపోయినట్టు ఊహించి చెబుతున్నాం కాబట్టి అది వస్తుంది.

నాకు ఇది హుద్‌హుద్ తుఫాను తర్వాతే మనసుకు పట్టింది. 2014 అక్టోబరు 12, ఆదివారం. పొద్దున్నుంచి గాలి. కిటికీ అద్దాలు ఒక్కొక్కటే పోతుంటే మధ్య గదిలో దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. మర్నాడు మేడెక్కి చూస్తే కైలాసగిరి వైపు పచ్చదనమే లేదు. ఆకులన్నీ రాలిపోయి కొండలు గోధుమ రంగులో, ఎవరో నిప్పు పెట్టినట్టున్నాయి. తర్వాత కొన్ని నెలలపాటు హోటల్‌కి వచ్చిన ప్రతి విదేశీ అతిథీ ఆ రోజు గురించి అడిగేవాళ్ళు. “ద విండ్ సౌండెడ్ లైక్ ఎ ట్రెయిన్” అని చెప్పేదాన్ని. గాలి రైలులా మోగింది. రైలు వస్తువు కాబట్టి ‘లైక్’. “ద హిల్స్ లుక్‌డ్ యాజ్ ఇఫ్ సమ్‌వన్ హ్యాడ్ బర్న్‌ట్ దెమ్.” ఎవరో కాల్చేసినట్టు. ఎవరూ కాల్చలేదు, అందుకే ‘యాజ్ ఇఫ్’, అందుకే ‘హ్యాడ్’. చెప్పాల్సిన బాధ నిజమైనప్పుడు గ్రామరు దానంతటదే వచ్చి వాక్యంలో కూర్చుందనిపించింది.

మరి “లైక్ ఐ సెడ్” అని అమెరికా వాళ్ళు అంటారు కదా మేడమ్ అని ఎవరో ఒకరు అడుగుతారు. అంటారు. మాటల్లో అందరూ అంటారు, మీరూ అనొచ్చు. 1954లో విన్‌స్టన్ సిగరెట్ల ప్రకటనలో ‘యాజ్’ రావలసిన చోట ‘లైక్’ పెడితే అక్కడి భాషాభిమానులు పెద్ద గొడవే చేశారు. ఇప్పుడు మాటల్లో పట్టించుకునేవాళ్ళు తక్కువ. కానీ లెటర్లో, పరీక్షలో, ఆఫీసు మెయిల్లో “యాజ్ ఐ సెడ్” అనే రాయండి. “లైక్ హౌ ఐ సెడ్” మాత్రం ఎక్కడా వద్దు.

‘వర్షం వచ్చేలా ఉంది’ లాంటివి ఇంకో రకం. ఇక్కడ పోలిక లేదు, జరగబోయేది ముందే తెలుస్తోంది. “ఇట్ లుక్స్ లైక్ రెయిన్” అంటే చాలు. ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళకి రోజూ అవసరమయ్యేది, వాంతి వచ్చేలా ఉంది, “ఐ ఫీల్ లైక్ వామిటింగ్.” టీ తాగాలనిపిస్తోంది అన్నా అదే ‘ఫీల్ లైక్’, “ఐ ఫీల్ లైక్ హ్యావింగ్ టీ.” వెనక వచ్చే క్రియకి ‘ఇంగ్’ తప్పనిసరి.

‘అంత’, ‘కంటే’ సులువు. మా అన్నయ్య అంత పొడుగు, “యాజ్ టాల్ యాజ్ మై బ్రదర్.” కంటే అంటే ‘దాన్’. విజయవాడ చుట్టాలు మే నెలలో వస్తే మనం అనేది, ఇక్కడ విజయవాడ అంత ఎండ కాదు గానీ ఉక్క ఎక్కువ. “ఇట్స్ నాట్ యాజ్ హాట్ యాజ్ విజయవాడ, బట్ ఇట్స్ మోర్ హ్యూమిడ్.” ఒక్కటి గుర్తుంచుకోండి. ‘నాదీ అలాంటిదే’ అనడానికి “సేమ్ లైక్ మైన్” అంటుంటారు. ‘సేమ్’ పక్కన ‘యాజ్’ రావాలి, “ద సేమ్ యాజ్ మైన్.”

‘లైక్’తో అడిగే ప్రశ్నలు మాత్రం ఒక పూట చెప్పాల్సినంత ఉన్నాయి. మా వీధిలో ఒకావిడ కూతురికి సంబంధం చూస్తున్నారు. అమెరికాలో ఉన్న మేనమామ ఫోన్ చేసి, పెళ్ళికూతురి తమ్ముణ్ణి, “వాట్ ఈజ్ ద బాయ్ లైక్?” అని అడిగాడు. తమ్ముడు, “హి లైక్స్ క్రికెట్” అన్నాడు. ఆ ‘లైక్’ ఇష్టపడటం కాదు. అబ్బాయి ఎలాంటివాడు అని అడుగుతున్నారు, అంటే నెమ్మదస్తుడా, కోపిష్టా, కలుపుగోలుగా ఉంటాడా అని. “హి ఈజ్ కామ్ అండ్ ఫ్రెండ్లీ” అనాలి. చూడ్డానికి ఎలా ఉంటాడు అని అడగాలంటే, “వాట్ డజ్ హి లుక్ లైక్?” దీనికి పొడుగు, చామనఛాయ, కళ్ళద్దాలు అని చెప్పాలి. ఎలా ఉన్నాడు, ఒంట్లో బాగుందా అంటే, “హౌ ఈజ్ హి?” మూడో ప్రశ్నలో అసలు ‘లైక్’ లేదు. ఎలాంటివాడు, ఎలా ఉంటాడు, ఎలా ఉన్నాడు. తెలుగులో మూడూ కలిసిపోవు కదా, ఇంగ్లీషులోనూ కలపకండి.

ఇక జంతువులూ వస్తువులతో చెప్పే స్థిరమైన మాటలు. ఇవి అర్థాన్ని బట్టి కట్టుకునేవి కావు, ఉన్నవి ఉన్నట్టు నేర్చుకోవాలి. మనకి నిద్ర అంటే కుంభకర్ణుడు, వాళ్ళకి దుంగ. “హి స్లెప్ట్ లైక్ ఎ లాగ్.” మనం డేగ కళ్ళతో కనిపెట్టాం అంటాం, వాళ్ళూ డేగనే తెచ్చుకున్నారు, “షి వాచ్‌డ్ హిమ్ లైక్ ఎ హాక్.” జగదాంబ సెంటర్ చుట్టుపక్కల సందులన్నీ మా ఆయనకి కొట్టిన పిండి. దీన్ని మాటకి మాట ఇంగ్లీషులో పెడితే ఎవరికీ అర్థం కాదు. “హి నోస్ దోస్ లేన్స్ లైక్ ద బ్యాక్ ఆఫ్ హిజ్ హ్యాండ్.” వాళ్ళకి బాగా తెలిసిందంటే సొంత చేతి వెనకభాగం అంత తెలిసినట్టు. గుర్రంలా తినడం అంటే బాగా ఎక్కువ తినడం, పిట్టలా తినడం అంటే కొంచెమే తినడం.

కొన్ని నమ్మించి మోసం చేస్తాయి. ‘స్విమ్స్ లైక్ ఎ ఫిష్’ అంటే చేపలా ఈదుతాడు, మెచ్చుకోలు. ‘డ్రింక్స్ లైక్ ఎ ఫిష్’ అంటే మందు బాగా కొడతాడు. మా నాన్న డాక్టరు చెప్పినట్టు నీళ్ళు బాగా తాగుతారని చెప్పబోయి ఒకమ్మాయి ఈ మాట అంది. ఆ అమ్మాయికి వెంటనే విడమరిచి చెప్పాను, మీకూ చెబుతున్నాను. ‘గాట్ ఆన్ లైక్ ఎ హౌస్ ఆన్ ఫైర్’ అంటే ఇల్లు తగలబడినంత గొడవ అనుకుంటాం. కాదు, కలిసిన కాసేపటికే ప్రాణ స్నేహితులైపోయారని. గొడ్డు చాకిరీకి వాళ్ళు ‘వర్క్‌డ్ లైక్ ఎ డాగ్’ అంటారు. కానీ కుక్క అనే మాట మన చెవికి తిట్టులా పడుతుంది, ఇంటర్వ్యూల్లో దాని జోలికి వెళ్ళకండి. “ఐ వర్క్‌డ్ వెరీ హార్డ్” అంటే చాలు.

నేర్చుకోవడానికి నేను చెప్పే పద్ధతి, రోజుకొక క్రియ. సోమవారం ‘లుక్’, మంగళవారం ‘సౌండ్’, అలా. ఆ రోజంతా తెలుగులో మీ నోట ‘లా’, ‘గా’, ‘ట్టు’ వచ్చినప్పుడల్లా ఆగి, ఆ క్రియతో ఇంగ్లీషులో మెల్లగా అనుకోండి. బస్సులో అయినా, చేపల బజారులో అయినా. పది వాక్యాలు రాసుకుని పదీ కంఠతా పట్టడం కంటే ఇది మేలని నా అనుభవం, ఎందుకంటే ఆ వాక్యాలు మీవి.

మొదలుపెట్టడానికి ఈ వారం మా బ్యాచ్‌లో వచ్చినవి నాలుగు ఇస్తున్నాను. మా చెల్లి ఫోన్లో అచ్చం మా అమ్మలా ఉంటుంది. మా బాబాయి పోర్టులో గార్డుగా చేస్తున్నాడు. మీరు చెప్పినట్టే చేశాను. వంటింట్లో ఏదో మాడుతున్నట్టుంది. చివరిదానికి ముందు ముక్కుని అడగండి, ఆ తర్వాత స్టవ్ కట్టేయండి.